ఉమ్మడి తోటలు – నేల మీద భరోసా

మైలవరం విజయవాడకు చేరువలోనే ఉన్నప్పటికీ డెల్టా కాలువల నీరు అందని మెట్ట ప్రాంతము. 1852లో ప్రారంభమై 1855లో పూర్తి అయిన కృష్ణా ఆనకట్ట పల్లపు భూముల రూపు మార్చినది. ఈ మెట్టకు మాత్రము వాన, చెరువు, బావి ఆధారములుగా నిలిచినవి. ఇక్కడి ఎర్రనేలలలో మామిడి బాగా పండుతుంది. అయితే అంటు నాటిన రైతు మంచి కాపు కోసము నాలుగైదు సంవత్సరాలు ఆగవలసి ఉంటుంది. అప్పటికి ఆ నేల తన చేతిలోనే ఉంటుందన్న నమ్మకము లేనివాడు మామిడి నాటడు. ఒక్క కారులో చేతికి వచ్చే పైరు వేసుకొని సరిపెట్టుకుంటాడు.

మామిడి సంగతి కంటికి కనబడుతుంది. నేల సంగతి అంత సులభముగా కనబడదు. నిజానికి నేల సారము కూడ ఏండ్ల తరబడి పెంచవలసిన పంటయే. పశువుల ఎరువును, ఆకుచెత్తను నేలలో కలిపినప్పుడు సూక్ష్మజీవులు వాటిని కుళ్ళబెడతాయి. అందులో ఎక్కువ భాగము బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. మిగిలిన కొద్ది భాగమే నల్లని హ్యూమస్‌గా నేలలో నిలుస్తుంది. ఈ పదార్థము, వేళ్ళు, బూజు పోగులు కలిసి మట్టిరేణువులను గుళికలుగా కూర్చుతాయి. ఆ గుళికల సందులలో గాలి ఆడుతుంది, నీరు నిలుస్తుంది. మన ఉష్ణదేశములో హ్యూమస్ త్వరగా తరిగిపోతుంది గనుక ఏటేటా ఎరువు తోలక తప్పదు. ఈ ఏడు తోలిన ఎరువు ఫలము కొంత మరుసటి ఏటికీ, ఆ పై ఏటికీ అందుతుంది.

మరి సొంత నేల లేనివారు ఈ శ్రమ ఎందుకు పడతారు? ఉమ్మడి తోటల చరిత్ర చాలవరకు ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన చరిత్రయే.

ఉమ్మడి తోట అనగా ఊరికో, సంఘానికో చెందిన నేలను చిన్న చిన్న మడులుగా విభజించి, తోట లేనివారికి స్వల్పమైన అద్దెకు ఇచ్చే ఏర్పాటు. ఇంగ్లండులో వీటిని అలాట్‌మెంట్లు అంటారు. 18, 19 శతాబ్దులలో అక్కడి పచ్చికబయళ్ళకూ, ఉమ్మడి భూములకూ కంచెలు పడినవి. పశువును మేపుకొనే చోటు కూడ పోగొట్టుకున్న వ్యవసాయ కూలీలకు కూరలు, బంగాళాదుంపలు పండించుకొనుటకై ఈ మడులు ఇచ్చినారు. మొదట ఇవి భూస్వాముల దయాధర్మము మీద నడిచినవి. 1908 నాటి చట్టము మడులు ఏర్పాటుచేసే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టినది. 1925 నాటి చట్టము, తోటల కోసము కొన్న నేలను మంత్రి అనుమతి లేకుండా ఇతరులకు అమ్మరాదని కట్టడి చేసినది. అక్కడ వాడుకలో ఉన్న మడి ఎకరములో పదహారవ వంతు, అనగా మన లెక్కలో ఆరుంబావు సెంట్లు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో, 1943 నాటికి, ఇటువంటి మడులు సుమారు 14 లక్షలకు చేరినవి. యుద్ధము ముగిసిన తరువాత వాటి సంఖ్య బాగా తగ్గినది.

జర్మనీ అనుభవము ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించగలదు. 1864లో లైప్‌జిగ్ నగరములో హౌషిల్డ్ అనే ప్రధానోపాధ్యాయుడు తల్లిదండ్రులతో కలిసి పిల్లల ఆటస్థలము కోసము ఒక సంఘమును స్థాపించినాడు. ష్రేబర్ అనే వైద్యుని స్మృత్యర్థము దానికి ఆయన పేరు పెట్టినారు. గెసెల్ అనే ఉపాధ్యాయుడు ఆ స్థలము అంచున పిల్లల కొరకు పూలమడులు వేయించినాడు. పిల్లలు త్వరలోనే విసిగిపోయినారు. కలుపు తీసే పని పెద్దల మీద పడినది. ఆ మడులే క్రమముగా కుటుంబాల తోటలైనవి. జర్మనీలో వాటిని నేటికీ ష్రేబర్ తోటలని పిలుస్తారు. 1919లో అక్కడి ప్రభుత్వము అధిక అద్దెలనుండి, ఇష్టానుసారముగా ఖాళీ చేయించుటనుండి తోటదారులకు రక్షణ కల్పిస్తూ చట్టము చేసినది.

మన దేశములో ఈ సమస్య వేరొక రూపములో ఎదురైనది. ఇక్కడ పేదకు కావలసినది తీరిక వేళ కూరలు పండించుకొనే మడి మాత్రమే కాదు, తిండిగింజలు కావలెను. అందుకు ఎక్కువ నేల కావలెను. ఒక్క కుటుంబము అంత నేలను కౌలుకు తీసుకోలేదు. అందుచేత మడులుగా విభజించుటకు బదులు, పలువురు కలిసి ఒకే చేను సాగుచేసే పద్ధతి మనవద్ద వచ్చినది.

జహీరాబాదు సమీపమున పస్తాపూరు కేంద్రముగా 1983లో ప్రారంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టుపట్ల గ్రామాలలో మహిళా సంఘాలను ఏర్పరచినది. సభ్యులలో అత్యధికులు దళిత స్త్రీలు. వారు బీడుభూములను సాగులోకి తెచ్చినారు, నేల లేనివారు కలిసి కౌలుకు తీసుకున్నారు, ఒకే చేనులో జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుము వంటి పంటలను కలిపి వేసినారు. 1990 దశాబ్దిలో, సాగు పెట్టుబడికి ఇచ్చిన అప్పును ధాన్యరూపముగా తిరిగి తీసుకొని, ఆ గింజలను ఊరిలోని పేదలకే చౌకగా అందించే ఏర్పాటు కూడ చేసుకున్నారు. పండినది ఊరిలోనే నిలిచినది. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి లభించినది.

2001లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము సహాయముతో, ఆంధ్రప్రదేశ్ మహిళా సమత సొసైటీ ద్వారా, తెలంగాణ జిల్లాల గ్రామాలలో స్త్రీల సామూహిక సాగు మరింత విస్తృతముగా ఆరంభమైనది. 2005లో ఆ సహాయము ముగిసినది. కేరళలో 1998లో ఆరంభమైన కుటుంబశ్రీ కూడ ఇటువంటి సంఘాలను పెంచినది. ఈ రెండింటినీ ఆర్థికశాస్త్రజ్ఞురాలు బీనా అగర్వాల్ పరిశీలించి 2018లో తన ఫలితాలను ప్రచురించినారు. కేరళ సంఘాలు హెక్టారుకు సాధించిన ఉత్పత్తి విలువ, విడివిడి కుటుంబాల సాగుకన్న 1.8 రెట్లు ఉన్నది. తెలంగాణలో సంఘాల ఉత్పత్తి విడి రైతులకన్న తక్కువే. అయితే కూలి ఖర్చు మిగిలినందున నికరాదాయములో మాత్రము సరితూగినవి.

రెండుచోట్లా నేల చాలవరకు కౌలుదే, శ్రమ స్త్రీలదే. తేడా ఎక్కడ వచ్చినది? కేరళ సంఘములో అయిదారుగురు, తెలంగాణ సంఘములో ఇరవైమందికి పైగా సభ్యులు. కేరళవారికి బ్యాంకు రుణము, శిక్షణ, ప్రభుత్వపు అండ ఏటేటా అందినవి. తెలంగాణ సంఘాలకు మంచి నేల, నీరు దొరకుట కష్టమైనది. ఆదుకొన్న చేయి నాలుగేండ్లకే వెనుకకు పోయినది. దీనినిబట్టి భరోసా రెండు విధాలని తెలుస్తున్నది. ఒకటి నేల మీద, రెండవది తోడ్పాటు మీద. ఈ రెండింటిలో ఏది లోపించినా మొదటి ఏటి ఉత్సాహము మూడవ ఏటికి నిలవదు.

ఇది దూరపు సంగతి కాదు. కృష్ణా డెల్టాలో పొలము దున్నేవారిలో కౌలుదారులు ఎందరో ఉన్నారు. వారిని గుర్తించి రుణాలకు అర్హులను చేయుటకు 2011లో చట్టము వచ్చినది. 2019లో వచ్చిన మరొక చట్టము భూయజమానికీ సాగుదారుకూ మధ్య 11 నెలల ఒప్పందమును నిర్దేశించినది. యజమానుల హక్కుకు భంగము లేదన్న ధైర్యము ఇందువలన కలిగి ఉండవచ్చు. కాని 11 నెలల కౌలుదారు మూడేండ్లకు ఫలించే ఎరువు ఎందుకు తోలుతాడు?

విద్యార్థులు దీనిని తామే పరీక్షించవచ్చును. ఏటేటా ఎరువు వేసే పెరటినుండి ఒకటి, చాలా కాలముగా ఎరువు ఎరుగని చేనునుండి ఒకటి, ఒకే రకపు నేలలో ఒకే పరిమాణముగల రెండు మట్టిగడ్డలు తెచ్చి నీడన ఆరబెట్టండి. రెండు గాజుగ్లాసుల నీటిలో, జల్లెడ గుడ్డ మీద మెల్లగా ఉంచండి. సారము గల గడ్డ చాలాసేపు నిలుస్తుంది. సారము లేనిది కొద్ది నిమిషాలలోనే విరిగి అడుగుకు జారుతుంది. తరువాత ఆ రెండు నేలలూ ఎవరివో, ఎవరు సాగుచేస్తున్నారో, ఎన్నాళ్ళ ఒప్పందము మీద చేస్తున్నారో అడిగి వ్రాసుకోండి. పాఠశాలలో తోట వేయదలచిన ఉపాధ్యాయులు కూడ ఏ తరగతికి ఏ మడి ఇచ్చినారో, ఆ మడిని ఆ పిల్లలకే కనీసము మూడేండ్లు ఉంచండి.