రోడ్డు రద్దీకి రుసుము: ఒక చిన్న చరిత్ర

మా నాన్న బెంగళూరులో గూడ్స్ ఆటో నడుపుతారు. పొద్దున్నే కె.ఆర్. మార్కెట్‌లో కూరగాయల లోడు ఎత్తుకుంటారు. జామ్‌లో ఇరుక్కుంటే డీజిల్ ఒక్కటే కాదు, రెండో ట్రిప్పు కూడా పోతుంది. సిటీ మధ్యలోకి వచ్చే బండ్లకు రుసుము పెట్టాలన్న మాట విన్నప్పుడు ఆయన, "జామూ మనకే, రుసుమూ మనకేనా?" అన్నారు. నాకు జవాబు తెలియలేదు. అందుకే ఈ పద్ధతి ఎక్కడ, ఎలా మొదలైందో చదివాను.

రద్దీ ఉన్న వేళ రోడ్డుకు ఎక్కువ ధర ఉండాలని 1950లలోనే చెప్పినవారు విలియం విక్రీ అనే ఆర్థికవేత్త. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆయనకు 1996లో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆ తర్వాత మూడు రోజులకే ఆయన చనిపోయారు.

మొదట దీన్ని అమలు చేసిన పెద్ద నగరం సింగపూర్. 1975 జూన్ 2 నుంచి పొద్దున రద్దీ వేళలో సిటీ మధ్యలోకి వచ్చే కార్లు రోజుకు 3 డాలర్ల కాగితపు లైసెన్సు కొని అద్దానికి అంటించుకోవాలి. దారుల దగ్గర కాపలావాళ్లు నిలబడి చూసేవారు. లైసెన్సు లేకపోతే నంబరు రాసుకునేవారు, తర్వాత ఫైను వచ్చేది. నలుగురు కూర్చున్న కారుకు, సరుకుల బండికి, బైకుకు మొదట రుసుము లేదు. 1989లో వాటికీ పెట్టారు. 1998లో కాగితం పోయి, బండిలోని పెట్టె నుంచి డబ్బు దానంతటదే తగ్గే పద్ధతి వచ్చింది.

లండన్‌లో 2003 ఫిబ్రవరి 17న మేయర్ కెన్ లివింగ్‌స్టన్ రోజుకు 5 పౌండ్ల రుసుము పెట్టారు. అక్కడ గేటు లేదు, ఆపేవాళ్లు లేరు. కెమెరాలు నంబరు ప్లేటు చదువుతాయి. డబ్బు మనమే గుర్తుపెట్టుకుని కట్టాలి. మరిచిపోతే ఇంటికి ఫైను కాగితం వస్తుంది. మొదట ఫైను 80 పౌండ్లు, 14 రోజుల్లో కడితే సగం. ఇప్పుడు అది 180 పౌండ్లు. రుసుము కూడా 2020లో 15, 2026లో 18 పౌండ్లు అయింది. కానీ కట్టడానికి ఇప్పుడు ప్రయాణం తర్వాత మూడో రోజు అర్ధరాత్రి దాకా గడువు ఉంది. ముందే పేరు నమోదు చేసుకుంటే ఖాతా నుంచి డబ్బు దానంతటదే పోతుంది, ఫైను భయం ఉండదు.

లండన్‌లో కూడా మా నాన్న లాంటివాళ్లు ఉన్నారు. స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ పనివాళ్లు ఈ రుసుమును వ్యతిరేకించారు. అయినా సరుకుల వ్యాన్లు కట్టాల్సిందే. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. అమెరికా, జపాన్ లాంటి దేశాల దౌత్య కార్యాలయాలు ఇది పన్ను, మేము కట్టనవసరం లేదు అంటూ పెద్ద బాకీలు పెట్టాయి. బాకీల జాబితాలో మన దేశపు కార్యాలయం పేరు కూడా ఉంది. చిన్న వ్యాన్ నడిపేవాడు కట్టి, పెద్దవాళ్లు కట్టకపోతే న్యాయం ఎక్కడ?

స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ వేరే దారి పట్టింది. 2006లో ఏడు నెలలు ప్రయోగంగా పెట్టి, ఆపేసి, తర్వాత జనాన్ని ఓటు అడిగింది. మొదట వద్దన్నవాళ్లలో చాలామంది, ఖాళీ అయిన రోడ్లు చూశాక మనసు మార్చుకున్నారు. నగరంలో "అవును" గెలిచింది. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది.

ఈ చరిత్రలో నాకు అర్థమైంది ఇది. రుసుము ఒక్కటే పెడితే చాలదు. లండన్‌లో రుసుము మొదలైన రోజే 300 అదనపు బస్సులు వచ్చాయి. వచ్చిన డబ్బు రవాణాకే ఖర్చు పెట్టాలని చట్టం ఉండింది. కారు వదిలేసేవాడికి ఎక్కడానికి ఇంకొకటి ఉండాలి కదా. కానీ మా నాన్న కూరగాయల మూటలు బస్సులో వేసుకుని పోలేరు. కాబట్టి సరుకు మోసే చిన్న బండికి రుసుము లేకుండానో, తక్కువగానో ఉండాలి.

ఇదంతా రాత్రి నాన్నకు చదివి వినిపించాను. మొత్తం విని, "దారి ఖాళీగా ఉండి రెండో ట్రిప్పు దొరుకుతుందంటే కొంచెం కట్టొచ్చులే. కానీ ముందు మమ్మల్ని అడగాలి, ఆ స్టాక్‌హోమ్ వాళ్లలాగా" అన్నారు. నాకు కూడా అదే సరైన జవాబు అనిపించింది.