ఒకే పేరు, వేరు వేరు పెంకులు

యునిక్సును నిర్మించినవారు దాని లోపలి గింజను కెర్నెల్ అన్నారు, పైనున్న పెంకును షెల్ అన్నారు. మనమిచ్చే ఆదేశాలను ముందుగా వినేది ఈ పెంకే. ఏళ్ల తరబడి నడిచిన స్క్రిప్టు కొత్త యంత్రం మీద హఠాత్తుగా మొరాయిస్తే, అందులోని తర్కం కన్నా ముందు దానిని చదువుతున్న పెంకును అనుమానించాలి. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1971లో కెన్ థాంప్సన్ వ్రాసిన తొలి షెల్ చాలా చిన్నది. 1979లో బెల్ ల్యాబ్స్ వారి ఏడవ యునిక్సుతో స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చి, 'ఎస్‌హెచ్' అన్న పేరును స్థిరపరచింది. 1983లో డేవిడ్ కోర్న్ తన షెల్‌ను ప్రకటించాడు. 1989లో గ్నూ కోసం బ్రయన్ ఫాక్స్ బాష్‌ను, అదే యేట కెన్నెత్ ఆల్మ్‌క్విస్ట్ యాష్‌ను వెలువరించారు. ఇన్ని మాండలికాలకు ఉమ్మడి వ్యాకరణంగా 1992లో పోసిక్స్ ప్రమాణం ఏర్పడింది.

చిక్కు ఇక్కడే మొదలైంది. అనేక లినక్సు పంపిణీలలో ఎస్‌హెచ్ అని పిలిస్తే పలికేది బాష్. ఆ పేరుతో పిలిచినా అది తన అదనపు విద్యలను మానుకోదు. అందువల్ల ఎందరో మొదటి పంక్తిలో ఎస్‌హెచ్ అని వ్రాసి, లోపల బాష్ భాష వ్రాశారు. తప్పు బయటపడే అవకాశమే లేకపోయింది. 2006 అక్టోబరులో ఉబుంటు 6.10, వేగం కోసం, ఎస్‌హెచ్ స్థానంలో యాష్ సంతతికి చెందిన డాష్‌ను నిలిపింది. 2011లో డెబియన్ 6.0 కూడా ఆ బాటే పట్టింది.

అప్పుడు దోషాలు మూడు రకాలుగా బయటపడ్డాయి. అర్రేలను చూసి డాష్ వ్యాకరణ దోషమని ఆగిపోతుంది, ఇది మేలు. [[ ]] కనబడితే అటువంటి ఆదేశం లేదని గొణిగి, షరతు తప్పిందనుకుని ముందుకు సాగుతుంది, ఇది ప్రమాదం. &> అన్న గుర్తును రెండుగా విడగొట్టి, ఆదేశాన్ని నేపథ్యంలోకి నెట్టి, ఫైలును ఖాళీ చేస్తుంది. పని పూర్తికాకముందే తరువాతి పంక్తి మొదలవుతుంది. నకలు తీసి మూలాన్ని చెరిపివేసే స్క్రిప్టులో ఇది జరిగితే ఏమవుతుందో ఊహించండి!

నేరమెవరిది? నడుస్తున్నదానిని మార్చినవారిదేనని చాలామంది అన్నారు. వినియోగదారుల కష్టం నిజమే. కానీ ఎస్‌హెచ్ అన్న పేరు ఒక మాట ఇవ్వడం. ఆ మాట తప్పినది స్క్రిప్టే. డాష్ దానిని బయటపెట్టింది, అంతే.

మందు సులభం. బాష్ కావాలనుకుంటే మొదటి పంక్తిలో బాష్ అనే వ్రాయండి. ఎస్‌హెచ్ అని వ్రాస్తే పోసిక్స్ హద్దు దాటకండి. షెల్‌చెక్, చెక్‌బాషిజమ్స్ వంటి పరికరాలతో ముందే పరీక్షించుకోండి. కోస్తాలో ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు వైపు అనపకాయ అంటే చిక్కుడు జాతి. వంట మొదలుపెట్టే ముందు, వింటున్నవారు ఏ ఊరివారో అడిగి తెలుసుకోవడం మంచిది కదా!