మద్రాసు గవర్నరు సర్ థామస్ రంబోల్డు

మన నవాబుపేట ప్రాంతము నిజాం అలీఖాన్ ఏలుబడిలో నున్న దినములలో, ఆయన దర్బారునకు ఆగ్రహము కలిగించిన ఒక ఆంగ్లేయుని చరిత్రను ఇచ్చట క్లుప్తముగా వ్రాయుచున్నాము. ఆయన గొప్ప రాజనీతిజ్ఞుడు కాడు. అయినను ఆయన చరిత్రలో మనము నేర్చుకొనవలసినది కలదు.

థామస్ రంబోల్డు 1736లో జన్మించెను. 1752లో ఈస్టిండియా కంపెనీ కొలువులో గుమాస్తాగా చేరి, పిదప సైన్యములో ప్రవేశించి, 1757లో ప్లాసీ యుద్ధమున క్లైవు చెంత నుండి తీవ్రముగా గాయపడెను. ధనవంతుడై 1769లో స్వదేశము చేరి పార్లమెంటు సభ్యత్వము కోరెను. 1770లో న్యూషోర్‌హాం పట్టణమున ఆయనకు అండగా నిలిచినది ‘క్రిస్టియన్ సొసైటీ’. పేరు ధర్మకార్యములది, పని ఓట్ల అమ్మకము! 1771లో పార్లమెంటు చట్టము చేసి దాని సభ్యుల ఓటుహక్కును తీసివేసెను. 1774లో షాఫ్ట్స్‌బరీలో రంబోల్డు నెగ్గెను గాని, లంచముల కారణమున మరుసటి యేడు ఆ ఎన్నిక రద్దాయెను.

ఇట్టివాడు 1778 ఫిబ్రవరిలో మద్రాసు గవర్నరాయెను. ఉత్తర సర్కారులలో తిరిగి పంటలు, జనసంఖ్య, శిస్తులు విచారించుటకు ఏర్పడిన సంఘమును రద్దుచేసి, జమీందారులనే మద్రాసునకు రమ్మనెను. విశాఖపట్నము నుండి అది దాదాపు 500 మైళ్లు. ఆ ప్రయాణపు ఖర్చు తుదకు ఎవరి నెత్తిన పడునో మన రైతు కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు.

1779లో నిజాము తమ్ముడైన బసాలత్ జంగ్ నుండి గుంటూరు సీమను కౌలుకు తీసుకొని, దానిని ఆర్కాటు నవాబునకిచ్చెను. సర్కారులకై కంపెనీ నిజామునకు చెల్లించవలసిన పేష్కషును వదలుకొమ్మని కోరించెను. నిజాము ఆగ్రహించగా, కలకత్తాలోని వారన్ హేస్టింగ్సు ప్రభుత్వము జోక్యము చేసికొని గుంటూరును తిరిగి ఇప్పించెను. 1780 ఏప్రిల్‌లో రంబోల్డు గవర్నరు పదవి వీడెను. జూలైలో హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను.

1781లో కంపెనీ ఆయనను కొలువునుండి తొలగించెను. అదే యేడు ఆయన యార్మత్ నుండి మరల పార్లమెంటు సభ్యుడాయెను! 1782లో హెన్రీ డండాస్ ఆయనను శిక్షించుటకు బిల్లు తెచ్చెను. అది సాగి సాగి 1783లో తీర్పు లేకయే మూలబడెను. రంబోల్డు 1790 వరకు సభ్యుడుగానే యుండి 1791లో మరణించెను.

నేరము రుజువు కాని మనిషిని దోషి యనుట న్యాయము కాదు. అయితే సర్కారు గ్రామములలో జరుగవలసిన విచారణను ఆయన ఆపెను; ఆయనపై లండనులో జరిగిన విచారణయు మధ్యలోనే ఆగెను. రెండుచోట్లను లెక్క తేలలేదు. మంచి పేరు పెట్టుకొన్న సంఘమైనను, గొప్ప పదవియైనను, లెక్క అడుగువారు లేనినాడు నష్టపోవునది బీదవాడే. పదిమంది సొమ్ము చేతబట్టిన మనమందరము దీనిని మరువరాదు.