నాట్యం నేర్చే పిల్లల బస: అగ్రహారం నుంచి హాస్టల్ దాకా

నాట్యం పుస్తకం చూసి పట్టుబడే విద్య కాదు. గురువు ఎదుట నిలబడి, రోజూ, ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప అడుగు కుదరదు. అందువల్ల గురువు ఉన్న ఊళ్లో తలదాచుకునే చోటు, పూటకింత తిండి సంపాదించుకోవడం శిష్యుడికి ఎదురయ్యే మొదటి పరీక్ష. నృత్య చరిత్రల్లో గురుపరంపరల గురించి, రాజపోషణ గురించి అధ్యాయాలకు అధ్యాయాలు ఉంటాయి. శిష్యులు ఎవరి వసారాలో పడుకున్నారు, ఎవరింట్లో భోంచేశారు అన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది. నిజానికి దక్షిణాదిలో ఎవరు నర్తకులు కాగలిగారు, ఎవరు కాలేకపోయారు అన్నదాన్ని ప్రతిభ ఎంతగా నిర్ణయించిందో బస కూడా అంతగానే నిర్ణయించింది.

చాలాకాలం ఈ సమస్య తలెత్తలేదు. నాట్యం వంశంలోనే ఉండేది కాబట్టి పిల్లలు సొంత ఇంట్లోనే నేర్చుకునేవారు. కృష్ణా జిల్లా కూచిపూడిని గోల్కొండ నవాబు తానీషా భాగవతుల కుటుంబాలకు అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. 1763 నాటి ఆస్తి పంపకాల పత్రంలో ఆ కుటుంబాల పేర్లు కనిపిస్తాయి. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి వంటి ఇంటిపేర్లున్న వాళ్లకు తాతో తండ్రో మేనమామో గురువు. తెల్లవారుజామున లేపి అడుగులు వేయించేవాడూ, అన్నం పెట్టించేవాడూ ఒక్కరే. తెలుగునాట కలావంతుల ఇళ్లలోనూ ఇంతే. అక్కడ తల్లి, అమ్మమ్మల దగ్గరే అభినయం వచ్చేది. ఇల్లు వేరు, బడి వేరు అనే తేడాయే లేని చోట వసతి గురించి ఆలోచించే అవసరం ఎవరికీ రాలేదు. అయితే ఆ ఇంట పుట్టనివాళ్లకు ఆ విద్య అందేదీ కాదు.

కూచిపూడి మేళాలు ఊరూరా తిరిగేవి. మేళంలో చేరిన కుర్రవాడికి ప్రయాణమే పాఠశాల. పల్లెల్లో ఆట జరిగిన చోట ఏ సత్రమో, ఏ పెద్దరైతు ఇంటి అరుగో వాళ్లకు బస. వేషం కట్టే పిల్లలందరూ మగపిల్లలే. సత్యభామ పాత్ర కూడా మగవాడే కట్టే ఆ మేళాల్లో ఎక్కడ పడితే అక్కడ పడుకుని మర్నాడు ఇంకో ఊరు వెళ్లడం పెద్ద చిక్కు కాలేదు. ఆడపిల్లకు అది కుదిరే పని కాదు. కూచిపూడి చాలాకాలం మగవాళ్ల చేతిలోనే ఉండిపోవడానికి ఆచారాన్ని కారణంగా చెబుతారు. ఆ ఆచారం వెనక ఈ తిరుగుడు బతుకు కూడా ఉందని గుర్తించినవారు తక్కువ.

చదువు కోసం ఇల్లు వదిలిన పేద బ్రాహ్మణ కుర్రవాడికి తెలుగుదేశంలో ఒక ఏర్పాటు ఉండేది. వారాలు చేసుకోవడం అంటే వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం. అదీ కుదరకపోతే జోలె కట్టుకుని మధూకరం. వేదం నేర్చేవాడికీ, ఇంగ్లీషు చదివేవాడికీ, సంగీతం నేర్చేవాడికీ ఇదే దారి. ఈ ఏర్పాటు ఎంత పెళుసైందో ఘంటసాల వెంకటేశ్వరరావు జీవితం చెబుతుంది. పసితనంలో తరంగాలకు నాట్యం చేసి బాలభరతుడనిపించుకున్న ఆయన, సంగీతం నేర్వాలని ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరారు. 1919లో మొదలైన అక్కడి సంగీత కళాశాలకు అప్పుడు వేసవి సెలవులు. ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామినాయుడు కళాశాలలోనే ఉండనిచ్చారు. వారాలు కుదిరాయి. కొన్నాళ్లకు తోటి విద్యార్థుల వల్ల పడిన ఒక నిందతో ఆ చోటూ పోయింది, వారాలూ పోయాయి. గుడిలో తలదాచుకున్న ఆ కుర్రవాణ్ని పట్రాయని సీతారామశాస్త్రి తన ఇంటికి తీసుకెళ్లి పాఠం చెప్పారు. మధూకరం ఎత్తుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదని నేర్పిందీ ఆయనే. తరువాత మహారాజావారి సత్రంలో భోజనం దొరికింది. వారాల పద్ధతిని దాతృత్వంగా మెచ్చుకుంటూ రాసేవాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది: కులం, నడవడి, ఊరివాళ్ల అభిప్రాయం, ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా విస్తరి లేచిపోయేది.

1930లలో పరిస్థితి మారింది. వంశానికి చెందని వాళ్లు, ముఖ్యంగా చదువుకున్న కుటుంబాల ఆడపిల్లలు నాట్యం నేర్చుకోవడానికి ముందుకొచ్చారు. తంజావూరు ప్రాంతంలోని పందనల్లూరులో మీనాక్షిసుందరం పిళ్లై అనే నట్టువనారు (భరతనాట్య గురువు) ఉండేవారు. బెంగళూరు నుంచి వచ్చిన రామ్ గోపాల్ సహా ఎంతోమంది ఆయన దగ్గర నేర్చుకున్నారు. రుక్మిణీదేవి అరండేల్ కూడా ఆయన శిష్యురాలే. పల్లెటూళ్లో ఇల్లు తీసుకుని, వంటమనిషిని పెట్టుకుని నెలల తరబడి ఉండడం కలిగినవాళ్లకే సాధ్యం. మిగతావాళ్లకు ఇంకో మార్గం కావలసి వచ్చింది. ఆ మార్గం రెండు చోట్ల, రెండు వేర్వేరు అవసరాల నుంచి పుట్టింది.

మొదటిది కేరళ. కథకళి నేర్చే పిల్లల్ని అంతకుముందు పెద్ద భూస్వాముల ఇళ్లే పోషించేవి. పట్టిక్కాంతొడి రావుణ్ణి మేనోన్ వంటి గురువు ఒలప్పమణ్ణ మన అనే అలాంటి ఇంట్లో ఉండి శిష్యులకు నేర్పేవారు. ఆ ఖర్చు ఆ ఇంటిది. ఆ కుటుంబాల స్తోమత తగ్గుతున్న రోజుల్లో మహాకవి వళ్లత్తోళ్ నారాయణ మేనోన్, ముకుందరాజా కలిసి 1930లో కేరళ కళామండలం స్థాపించారు. డబ్బు కోసం లాటరీ కూడా నడిపారు. సంస్థ ఒకటి రెండు చోట్లు మారి చివరికి భారతప్పుళ ఒడ్డున చెరుతురుత్తిలో స్థిరపడింది. ఇక్కడ విద్యార్థులు గురువుల దగ్గరే ఉండి తీరాలి. దానికి కారణం సంప్రదాయం మీద భక్తి మాత్రమే కాదు. వానాకాలంలో చీకటితోనే లేచి, ఒంటికి నూనె పట్టించుకుని, గురువు పాదాలతో మర్దన చేయించుకుని, ఆ తరువాత దూకుళ్లు, కళ్ల సాధన చేయాలి. ఇళ్లనుంచి వచ్చిపోయే పిల్లలకు ఇది కుదరదు. శరీరాన్ని తీర్చిదిద్దే ఆ పద్ధతే వసతిని తప్పనిసరి చేసింది. ఒడిశాలో గోటిపువ అఖాడాలదీ ఇదే లెక్క. అక్కడ చిన్న మగపిల్లలు గురువు దగ్గరే తిని, పడుకుని, యుక్తవయసు వచ్చేదాకా ఆడవేషంలో ఆడేవారు. రఘురాజ్‌పూర్‌లో పుట్టిన కేలుచరణ్ మహాపాత్ర పసితనంలోనే ఒక రాసలీల బృందంలో చేరి ఏళ్ల తరబడి దానితోనే బతికారు.

రెండోది మద్రాసు. రుక్మిణీదేవి 1936లో అడయారులోని దివ్యజ్ఞాన సమాజం ఆవరణలో కళాక్షేత్రను ప్రారంభించారు. ఆ రోజుల్లో మంచి కుటుంబాల పిల్లలు నాట్యం చేయడమే వింత. అలాంటి పిల్లను ఊరుగాని ఊరు పంపి నేర్పించాలంటే తల్లిదండ్రుల్ని ఒప్పించే బలమైన కారణం కావాలి. ఆ కారణాన్ని కళాక్షేత్ర ఆవరణే ఇచ్చింది. గోడల లోపల చెట్లు, ప్రార్థన, శాకాహార భోజనం, పక్కనే మామూలు చదువుకు బడి, పెద్దల కనుసన్నల్లో దినచర్య. నట్టువనార్లను వాళ్ల ఊళ్లనుంచి పిలిపించి ఇక్కడ ఉంచారు. అంటే గురువు ఇంటికి శిష్యురాలు వెళ్లే పద్ధతి తలకిందులై, శిష్యురాలు ఉన్న చోటికే గురువు వచ్చి ఉండడం మొదలైంది. ఈ ఒక్క మార్పు వల్ల, తన ఇంట్లో యజమానిగా ఉన్న నట్టువనారు సంస్థలో ఉద్యోగి అయ్యాడు. ఒడిశా నుంచి చిన్న వయసులోనే వచ్చిన సంయుక్తా పాణిగ్రాహి ఏళ్ల తరబడి ఇక్కడే చదువుకున్నారు. మదనపల్లెలో పుట్టి చిదంబరంలో పెరిగిన యామినీ కృష్ణమూర్తి కూడా కళాక్షేత్ర విద్యార్థినే. 1962లో సంస్థ తిరువాన్మియూరులోని సొంత స్థలానికి మారింది. అప్పుడు ఊరి చివర ఉన్న ఆ స్థలం ఇప్పుడు నగరంలో కలిసిపోయింది.

తెలుగు నాట్యానికీ మద్రాసే నివాసమైంది. సినిమాల్లో పని దొరకడంతో కూచిపూడి నుంచి వేదాంతం రాఘవయ్య, వెంపటి పెదసత్యం, పసుమర్తి కృష్ణమూర్తి ఆ నగరం చేరారు. వెనక వచ్చిన కుర్రవాళ్లకు మొదటి బస బంధువుల ఇల్లు. వెంపటి చినసత్యం అలాగే వచ్చి, పెదసత్యం దగ్గర పనిచేసి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడ పాత కొత్త పద్ధతులు కలిసిపోయాయి. కొందరు శిష్యులు అకాడమీలోనే ఉండి గురువుగారి ఇంటి భోజనం తిని, ఇంటి పనుల్లో చేయి వేస్తూ నేర్చుకునేవారు. నగరంలోని పిల్లలు ఫీజు కట్టి, క్లాసయ్యాక ఇళ్లకు వెళ్లేవారు. ఆంధ్ర నుంచి వచ్చిన ఆడపిల్లలకు మూడో దారి దొరికింది: మద్రాసు కళాశాలలో సీటు. అనకాపల్లిలో పుట్టిన శోభానాయుడు తల్లి పట్టుదలతో, ఇంట్లో అభ్యంతరాలను దాటి నాట్యంలోకి వచ్చారు. ఆమె క్వీన్ మేరీస్ కళాశాలలో డిగ్రీ చేశారు. డిగ్రీ చదువు పేరు చెబితే కాదనని ఇల్లు, నాట్యమంటే ఒప్పుకోని కాలం అది. శిష్యులను ఇంట్లో ఉంచుకున్న గురువుల పేర్లు చరిత్రకెక్కాయి. పదిమంది పరాయి పిల్లలకు రెండు పూటలా వండి వడ్డించిన గురుపత్నుల పని మాత్రం ఏ జమాఖర్చులోనూ చేరలేదు. గురుకులం పాఠం మీద ఎంతగా నడిచిందో, ఆ వంటింటి మీదా అంతగానే నడిచింది.

గురువులు కదిలిన ఉదాహరణలు ఇంకా ఉన్నాయి. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి మద్రాసులో ఉండి బయటి కుటుంబాల ఆడపిల్లలకూ నేర్పారు. బాలసరస్వతి అంతటి నర్తకి ఆయన దగ్గర అభినయం నేర్చుకున్నారు. సి.ఆర్. ఆచార్యులు అహ్మదాబాదులో మృణాళినీ సారాభాయి స్థాపించిన దర్పణ నాట్య సంస్థలో చేరారు. ఇలా వెళ్లిన ప్రతి గురువు వల్ల కొందరు విద్యార్థులు ఇల్లు వదలకుండా నేర్చుకోగలిగారు. కూచిపూడిలో నేర్చుకోవాలనుకునే వాళ్ల కోసం బందా కనకలింగేశ్వరరావు పూనికతో ఆ ఊళ్లోనే సిద్ధేంద్ర కళాక్షేత్రం ఏర్పడింది. అది తరువాత తెలుగు విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఊరిబిడ్డ కానివాడు కూడా అగ్రహారంలో ఏ ఇంటివారి దయా లేకుండా చదువుకునే వీలు సంస్థ వల్లే కలిగింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీనాయుడు స్కూల్లో నాట్యంలో పీజీ చేసేవాళ్లు మిగతా శాఖల విద్యార్థులతో పాటే హాస్టల్లో ఉంటారు. నాట్యం డిగ్రీగా మారడంలో మేలు ఎంత, కీడు ఎంత అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. బస విషయంలో మాత్రం అది నిస్సందేహంగా మేలు. హాస్టల్ సీటు వచ్చిన విద్యార్థి మంచం కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు.

గురుకులాన్ని కొత్తగా కట్టి చూడాలన్న ప్రయత్నమూ జరిగింది. ఒడిస్సీ నర్తకి ప్రొతిమా బేడీ 1990లో బెంగళూరు దగ్గర హెసరఘట్టలో నృత్యగ్రామ్ ప్రారంభించారు. రాయి, మట్టి వాడి గెరార్డ్ ద కున్హా కట్టిన ఆ ఊళ్లో విద్యార్థులు నాట్యం చేస్తూనే తోటపని, ఇంటిపని చూసుకోవాలి. అక్కడి బృందం దేశవిదేశాల్లో పేరు తెచ్చుకుంది. కానీ ఏ కాలంలోనైనా అక్కడ ఉండగలిగేది గుప్పెడు మందే. ఆ నమూనా గొప్పది, అందరికీ పనికివచ్చేది మాత్రం కాదు.

హాస్టల్ సీటు దొరకని వాళ్లు గది వెతుక్కోవాలి. చెన్నైలో తిరువాన్మియూరు, బీసెంట్ నగర్, హైదరాబాదులో అమీర్‌పేట వంటి చోట్ల పేయింగ్ గెస్ట్ గదులు, లేడీస్ హాస్టళ్లు లెక్కలేనన్ని. ఉద్యోగులకు సరిపోయే ఈ గదులు నాట్య విద్యార్థికి సరిపోవు. అడుగు గట్టిగా వేస్తే కింది ఇంటివాళ్లు ఫిర్యాదు చేస్తారు. గజ్జెల చప్పుడుకు ఓనరు తలుపు తడతాడు. ముగ్గురికి మూడు మంచాలు వేసిన గదిలో చేయి చాచడానికి చోటుండదు. రాత్రి ప్రదర్శన ముగించుకుని వచ్చేసరికి గేటుకు తాళం. అందుకే చాలామంది గదిని పడుకోవడానికే ఉంచుకుని, సాధన కోసం ఏ గుడి మండపమో, గురువుగారి హాలో, మేడమీది డాబానో చూసుకుంటారు. పాతకాలపు అరుగు ఎంత ఇరుకైనదైనా కింద నేల ఉండేది. దాని మీద ఎంత గట్టిగా తట్టినా అడిగేవాళ్లు లేరు. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకు వేసవిలో అమ్మమ్మగారిల్లే హాస్టల్. ఆ రెండు నెలల్లోనే అరంగేట్రం సాధన ముగించుకుని వెళ్లేవారు ఎందరో. 2020 తరువాత ఆన్‌లైన్ పాఠాలు పెరిగి ఆ ప్రయాణం కొంత తగ్గింది. అయితే భంగిమను సరిచేయడానికి గురువు చేయి తగలాల్సిన చోట తెర పనిచేయదు.

బసకూ గురువుకూ మధ్య గీత చెరిగిపోవడంలో ఒక ప్రమాదం ఎప్పుడూ ఉంది. ఉండే చోటు, తినే తిండి, వేదిక ఎక్కే అవకాశం అన్నీ ఒకే చేతిలో ఉన్నప్పుడు విద్యార్థి ఎదురుచెప్పలేడు. 2023 మార్చిలో కళాక్షేత్ర విద్యార్థులు లైంగిక వేధింపులపై ఆందోళనకు దిగారు. సంస్థ తరగతులు మూసి, హాస్టళ్లు రెండు రోజుల్లో ఖాళీ చేయమంది. విద్యార్థులు కదలలేదు. ఒక అధ్యాపకుడు అరెస్టయ్యాడు. విచారణకు విశ్రాంత న్యాయమూర్తి కె. కణ్ణన్ నేతృత్వంలో కమిటీ వేశారు. ఫిర్యాదు చేసిన విద్యార్థికి మొదట తగిలిన దెబ్బ గది మీదే కావడం గమనించదగ్గది. నాట్య సంస్థల్లో వార్డెన్, ఫిర్యాదుల కమిటీ గురువుల అదుపులో లేకుండా ఉండాలన్న మాటకు ఈ ఘటన బలం చేకూర్చింది.

ఇక డబ్బు. కేంద్ర సంస్కృతి శాఖ యువ కళాకారులకు ఇచ్చే ఉపకారవేతనం రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయలు. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లు దీనికి అర్హులు. గురువు దగ్గరే తిని పడుకునే శిష్యుడికి ఆ మొత్తం ఉపయోగపడుతుంది. చెన్నైలోనో హైదరాబాదులోనో గది తీసుకున్న అమ్మాయికి అది మంచం అద్దెకూ మెస్ బిల్లుకూ చాలదు. ఉపకారవేతనాన్ని ఊరి అద్దెలను బట్టి లెక్కకట్టనంత కాలం, ఊళ్లో బంధువులున్న వాళ్లకూ ఇంట్లో డబ్బున్న వాళ్లకూ మాత్రమే దూరప్రాంతపు గురువు దక్కుతాడు.