రోబోలు తడబడిన కర్మాగారాలు

కార్ల పరిశ్రమలో తొలి రోబో 1961లో పనిలోకి దిగింది. అమెరికాలోని న్యూజెర్సీలో, జనరల్ మోటార్స్ ప్లాంటులో ‘యూనిమేట్’ అనే ఆ యంత్రపు చెయ్యి డైకాస్టింగ్ అచ్చుల నుంచి కాలే లోహపు భాగాలను బయటికి తీసేది. మనిషికి ప్రమాదకరమైన పని, ఎప్పుడూ ఒకే తీరు. రోబోకు అంతకంటే తగిన కొలువు లేదు.

1980లలో అదే సంస్థ ఈ వివేకాన్ని పక్కన పెట్టింది. జపాన్ పోటీకి జవాబు యంత్రాల్లోనే ఉందని ఛైర్మన్ రోజర్ స్మిత్ నమ్మారు. 1982లో జపాన్ రోబోల సంస్థ ఫానుక్‌తో కలిసి ఏకంగా రోబోల కంపెనీనే పెట్టారు. 1985లో డెట్రాయిట్-హామ్‌ట్రామ్క్‌లో తెరిచిన ప్లాంటును రోబోలతో నింపారు. కొత్త కార్లు, కొత్త యంత్రాలు, కొత్త సాఫ్ట్‌వేర్, అన్నీ ఒకేసారి! కార్లకు వేయాల్సిన రంగును రోబోలు ఒకదానిమీద ఒకటి చల్లుకున్నాయని కథనాలు వచ్చాయి.

విచిత్రమేమంటే, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో 1984 నుంచి టొయోటాతో కలిసి అదే సంస్థ నడిపిన ప్లాంటు, ఎక్కువగా అక్కడి పాత కార్మికులతోనే, అంత ఆర్భాటం లేకుండానే మెరుగైన కార్లు చేసింది. అక్కడ ముందు పని పద్ధతిని చక్కదిద్దారు. లోపం కనిపిస్తే లైను ఆపే అధికారం కార్మికుడికి ఇచ్చారు.

ఆ ఫ్రీమాంట్ ప్లాంటే 2010లో విద్యుత్ కార్ల సంస్థ టెస్లా చేతికి వచ్చింది. టెస్లా మోడల్ 3 కారు ఉత్పత్తి వెనకబడ్డాక, ఆటోమేషన్ మితిమీరడం తన తప్పేనని 2018లో ఆ సంస్థ అధిపతి ఎలాన్ మస్క్ ఒప్పుకున్నారు. బ్యాటరీ మీద మెత్తటి ఫైబర్‌గ్లాస్ చాపలు పరిచే రోబో తరచూ మొరాయించేది. తీరా పరీక్షిస్తే అసలు ఆ చాపల అవసరమే లేదని తేలింది. చాపలతోపాటు రోబోనూ తీసేశారు.