మేలట్టూరు భాగవతమేళము: ముఖము చెప్పునది, మాట చెప్పునది

తంజావూరు మండలమునందలి మేలట్టూరు, అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబములకు ఒసగిన అగ్రహారము. 1673లో నాయకరాజ్యము అంతరించినను అచ్చట తెలుగు నాటకము అంతరింపలేదు. వేంకటరామశాస్త్రి రచించిన ‘ప్రహ్లాద చరిత్రము’ నరసింహ జయంతి ఉత్సవములందు నేటికిని తెలుగులోనే ప్రదర్శింపబడుచున్నది.

చూపరులలో పెక్కుమంది తమిళులు. పదముల అర్థమెరుగకున్నను, హిరణ్యకశిపుని కనుబొమ్మల ముడిలో క్రోధమును, లీలావతి చూపులో తల్లి వేదనను వారు గుర్తింపగలరు. అయినను ముఖము దుఃఖమును తెలుపును గాని, దాని కారణమును తెలుపజాలదు. ఆంగిక సాత్త్వికములు భావమును చూపును. వాచికము దానిని నిర్ణయించును. శాస్త్రకారులు ఆహార్యముతో కూడ అభినయములు నాలుగింటిని కలిపి చెప్పుటలోని మర్మమిదియే.

హస్తము నిలిచి మాట నశించినచో కళ సగమే మిగులును. కావున పిల్లలకు ఆటతోపాటు అక్షరమును నేర్పుట మన విధి.