తుపాకి ఎవరింట్ల ఉన్నది? (14వ భాగం)

అమెరికా నగరాల్లో చేతి తుపాకుల నిషేధం మీద కొట్లాట నడిస్తే మనోళ్లు ఇక్కడ పోస్టులు పెడుతుంటరు. మిత్రులారా, ఆ చర్చ మన దగ్గర 1948 డిసెంబరులోనే అయింది. ఆయుధం ఉంచుకోవడం ప్రాథమిక హక్కు కావాలని రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ సవరణ తెచ్చిండు. 1931 కరాచీ తీర్మానంలో ఈ హక్కు ఉన్నది కదా అన్నడు. అంబేద్కర్ ఒప్పుకోలే. హక్కని రాస్తే అది దొంగకు సుత దక్కుతదన్నది ఆయన జవాబు. సవరణ వీగిపోయింది.

హక్కు లేదు సరే, మరి లైసెన్సు ఎవరికి? ఆస్తి లేదన్న ఒక్క కారణంతో నిరాకరించొద్దని 1959 ఆయుధాల చట్టం 14వ సెక్షన్ చెప్తది. కాగితం మీద మస్తుగుంది. గడీ తుపాకి మాత్రం గడీలనే ఉండె.

1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర. వెట్టి చెయ్యమన్న కూలీలకు సర్కారు జవాబేంది? అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలైనయి.

మనం చదవాల్సింది 1995 అట్రాసిటీ నిబంధనల్లో 3వ నిబంధన. అత్యాచారాలు జరిగే ప్రాంతాల్లో అవసరమైతే దళితేతరుల, ఆదివాసేతరుల తుపాకి లైసెన్సులు రద్దు చేయాలె. వాళ్ల దగ్గరి బంధువులవి, నౌకర్లవి కూడా. ఆ ఆయుధాలను సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలె. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సు ఇయ్యాలె. కారంచేడు, చుండూరు తర్వాత వచ్చిన నిబంధన ఇది. అంబేద్కర్ మాటకు ఇది ఎదురు కాదు. హక్కు కాదన్నడు గానీ రక్షణ వద్దనలే.

పిల్లలూ, కరీంనగర్ కలెక్టరేట్‌లో ఒక ఆర్టీఐ వెయ్యండి: ఈ నిబంధన కింద ఎన్ని లైసెన్సులు రద్దయినయి, మనోళ్లకు ఎన్ని ఇచ్చిన్రు?